గడపలు లేని కోట

జాము పొద్దెక్కింది. సన్నగా తుంపర పడుతోంది.

కుందనపురి అనే పట్నంలో ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు జయకీర్తి. ఆయన రాణి పేరు అమృతవల్లి. వాళ్లకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు సోమదత్తుడు, నడిమివాడు రత్నాకరుడు, ఆఖరిది చెంగల్వ. మన కథ ఆ రాణిది, ఆ తుంపర పొద్దున ఆమె మీద పడిన కష్టానిది.

ఆ కోటకు గడపలు లేవు.

మొదట్లో ఉండేవి. సోమదత్తుడు తప్పటడుగులు వేసే రోజుల్లో ఒకనాడు గడప తట్టుకుని పడ్డాడు. నుదురు చిట్లింది. బొట్టంత గాయం. మూడు రోజుల్లో మానింది, చిన్న మచ్చ మిగిలింది. రాణికి మాత్రం మానలేదు. వడ్రంగులను పిలిపించి కోటలో ఉన్న గడపలన్నీ పీకించేసింది. అక్కడితో ఆగిందా? పిల్లలు ఎక్కుతారని జామచెట్లు కొట్టించింది. జారతారని మెట్ల మీద కంబళ్లు పరిపించింది. గొంతులో గింజ అడ్డం పడుతుందని సీతాఫలాలు లోపలికి రానివ్వలేదు. ఒక్కో బిడ్డ వెనక పదేసి మంది దాసీలు. పరిగెత్తబోతే "వద్దు బాబూ". ఎక్కబోతే "వద్దు బాబూ". కిటికీలోంచి తొంగిచూడబోతే "వద్దు బాబూ".

రాకుమారులు ముందు ఆ పనులు చేయడం మానేశారు. తర్వాత అడగడం మానేశారు. కోట ఎంత సద్దుమణిగిపోయిందంటే, పెరట్లో లేడి గడ్డి నమిలితే కొలువుకూటంలో వినపడేది.

"నా పిల్లలు ఎంత బుద్ధిమంతులో చూశారా?" అనేది రాణి. రాజు తలూపి ఊరుకునేవాడు.

ఒక్క గడప మాత్రం మిగిలింది. వంటింటిది. వంటమనిషి పేరమ్మ దాని మీద కూర్చుని వడ్రంగిని తాకనివ్వలేదు.

"రాణమ్మా, గడప లేని వంటింట్లో నేను పొయ్యి ముట్టించను. రేపట్నించి కోటంతా అటుకులు నానేసుకు తినండి" అంది.

"పిల్లలు పడతారే పేరమ్మా!"

"పడతారు. లేస్తారు. పడకుండా లేవడం ఎట్లా వస్తుంది తల్లీ, పంతులు చెప్తే వస్తుందా?"

రాజుకు పేరమ్మ చేతి పులుసంటే ప్రాణం. అందుకని ఆ గడప బతికింది. శుక్రవారం శుక్రవారం పేరమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. చెంగల్వ దాసీల కళ్లు కప్పి ఆ వంటింట్లోకి దూరేది. ఇద్దరూ వామనగుంటలు ఆడేవాళ్లు. చెక్కపీటకు ఇటు ఏడు, అటు ఏడు గుంటలు. గుంటకు నాలుగేసి చింతగింజలు. కిటికీలో కూర్చుని ఒక కాకి ఆట చూసేది. అది మాటలొచ్చిన కాకి.

"దొంగాట! దొంగాట!" అని అరిచేది.

"నీకెందుకే నల్లమొహమా" అనేది చెంగల్వ.

సరే. ఆ తుంపర పొద్దున ఏం జరిగిందంటే...

ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడికి ఎంత మంత్రం వచ్చినా పసుపు రాసిన గడప దాటడం రాదు. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఊరూరా తిరిగాడు. ఏ ఇంటికి వెళ్లినా గడప దగ్గరే ఆగిపోయాడు. ఆ పొద్దున కుందనపురి కోట వాకిట్లో నిలబడి కాలితో తడిమాడు. గడప లేదు. నడవలోకి వచ్చి తడిమాడు. లేదు. రాకుమారుల గది ముందు తడిమాడు. అక్కడా లేదు.

రాణి వచ్చేసరికి గదిలో పొగలాంటి గడ్డం ఉన్న ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన చేతుల్లో రెండు చెక్కబొమ్మలు. మూరెడేసి ఉన్నాయి. ఒకదాని నుదుటి మీద బొట్టంత మచ్చ.

రాణి ఆ మచ్చను గుర్తుపట్టింది.

"నీకు దండం తల్లీ" అన్నాడు ధూమకంఠుడు. "లోకంలో ఏ ఇల్లూ నన్ను రానివ్వలేదు. నీ ఇంట్లో ఏ గడపా అడ్డం రాలేదు. దిగులు పెట్టుకోకు. వీళ్లను నీలాగే చూసుకుంటాను. నా బొమ్మల కొలువులో పై మెట్టు మీద కూర్చోబెడతాను. పడరు. ఏడవరు. ఒంటి మీద గీత కూడా పడదు."

మూడో బిడ్డ కోసం వంటింటి వైపు నడిచాడు. గడప మీద కాలు పెట్టాడో లేదో చుర్రుమంది. "అబ్బా!" అని పొగైపోయాడు. రెండు బొమ్మలూ ఆ పొగతోనే పోయాయి. లోపల చెంగల్వ, గుప్పిట్లో చింతగింజలతో, నోరు తెరుచుకుని చూస్తోంది.

రాజు సైన్యంతో బయల్దేరాడు. మొదటి సముద్రం దగ్గరే అలలు ఏనుగులతో సహా ఆయన్ని ఎత్తి గట్టున పడేశాయి. వారం తిరక్కుండా తడిసిన బట్టలతో, తుమ్ముకుంటూ తిరిగొచ్చాడు.

కాకి అప్పుడు అసలు సంగతి చెప్పింది. "మీసాలొచ్చిన వాళ్లకు, మెట్టెలు తొడిగిన వాళ్లకు ఆ సముద్రాలు దారివ్వవు. పిల్లలకే ఇస్తాయి."

అందరూ చెంగల్వ వంక చూశారు. దానికి పదేళ్లు.

రాణి దాని రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, తను గడపకు అడ్డంగా కూర్చుంది. మూడు రోజులు లేవలేదు. ఒక్కతైనా మిగిలింది. దీన్ని కూడా పంపి ఏ గోడకు చెప్పుకోను?

ఆ మూడు రోజులూ ఆమె కొడుకులను తలుచుకోబోయింది. రాత్రి కప్పిన దుప్పట్లు గుర్తొచ్చాయి. పట్టించిన కషాయాలు గుర్తొచ్చాయి. చిన్నవాడి నవ్వు ఎట్లా ఉండేదో గుర్తు రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. వాడు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆ నవ్వు ఆమె దగ్గర లేదు.

"పేరమ్మా, రత్నాకరుడికి ఏదంటే ఇష్టమే?"

"కప్పలమ్మా. కప్ప గెంతితే చూడాలని వాడికి. కాలవకు తీసుకెళ్లమని నన్ను రెండేళ్లు అడిగాడు. తర్వాత అడగలేదు."

రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి చెంగల్వ వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, అన్నయ్యలు బొమ్మలుగా ఉంటే వాళ్లకు ఆకలి వేస్తుందా?"

"తెలీదమ్మా."

"నేను వెళ్లి చూసొస్తానే."

రాణి దాని మొహం చూసింది. మోకాలి మీద పాత దెబ్బ ఒకటి కనపడింది. మోచేతి మీద ఇంకొకటి. ఎప్పుడు తగిలాయో ఈ తల్లికి తెలీదు. తగిలాయి, మానాయి. పిల్ల నిక్షేపంలా ఉంది.

"పిల్లలు మొదటిసారి గడప దాటితే గారెలు వండాలి" అంది పేరమ్మ, ఎటో చూస్తూ. "ఈ ఇంట్లో ఎవరికీ ఆ ముచ్చటే జరగలేదు. దాటడానికి గడపలుంటే కదా!"

రాణి లేచింది. మినప్పప్పు నానబోసింది. తనే రుబ్బింది, తనే వేసింది. మూట కట్టి పిల్ల చేతిలో పెట్టి పక్కకు జరిగింది. చెంగల్వ గడప దాటి, వాకిలి దాటి, కోట దాటి వెళ్లిపోయింది. నెత్తిన కాకి. అది అప్పటికే ఒక గారె నోట్లో వేసుకుంది.

ఏడు సముద్రాలంటే తెలుసు కదా? మొదటిది ఉప్పునీళ్లది. రెండోది చెరకురసం. మూడోది కల్లు, దాని సంగతి మనకొద్దు. నాలుగోది నెయ్యి, అయిదోది పెరుగు, ఆరోది పాలు, ఏడోది మంచినీళ్లు.

పది రోజులకు కాకి వచ్చి మేడ పిట్టగోడ మీద వాలింది. రాణి పరుగెత్తుకొచ్చింది.

"తిన్నదా?"

"ముందు నాకు పెట్టు. ఎంత దూరం ఎగిరాననుకున్నావు?"

మెతుకులు తిని మూతి తుడుచుకుని చెప్పింది. "మొదటిది దాటించడానికి ఒక తాబేలు తాత దొరికాడు. ఆయన వీపు మీదెక్కి పాటలు పాడుతూ దాటింది. ఇప్పుడు చెరకురసం దగ్గరుంది. అలలు తాడెత్తున్నాయి. ఏం చెయ్యనని అమ్మనడిగి రమ్మంది."

రాణి మొదలుపెట్టింది. "నీళ్ల అంచుకు పోవద్దని చెప్పు. తాబేలును గట్టిగా పట్టుకోమను. ఎండలో తిరగొద్దని చెప్పు. తడిసిన బట్టలతో ఉండొద్దని చెప్పు. తెలియని వాళ్లతో మాట్లాడొద్దని, చెరకురసం ఎక్కువ తాగొద్దని, జలుబు చేస్తుందని..."

"అమ్మా తల్లీ, నా ముక్కు ఇంతే ఉంది" అంది కాకి. అయినా మోసుకుపోయింది.

పన్నెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఒళ్లు మండిపోతోంది దానికి.

"నీ మాటలన్నీ అప్పజెప్పాను. పిల్ల వినింది. విని, ఏం చేసిందో తెలుసా? గట్టున కూర్చుంది. అలను చూస్తే 'అమ్మ వద్దంది' అంటుంది. తాబేలును చూస్తే 'తెలియని వాళ్లు' అంటుంది. పాట లేదు, మాట లేదు. మూడు రోజులు కొయ్యలా కూర్చుంది. తాబేలు తాత తిక్కరేగి వీపు మీదికి విసిరేసుకుని దాటించాడు. ఇప్పుడు నెయ్యి సముద్రం దగ్గరుంది. ఏం చెప్పమంటావు?"

రాణికి అప్పుడు తెలిసింది. మాంత్రికుడు రెండు బొమ్మలు చేశాడు. మూడోదాన్ని తను ఇక్కడినుంచే చేసింది.

ఇంకేం చెప్పను అని ఆలోచించి, ఆలోచించి, ఒక్క మాటే ఇచ్చింది.

"జాగ్రత్త అని చెప్పు. అంతే."

కాకి వెళ్లిపోయింది. రాణికి ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. వడ్రంగులను పిలిపించింది. గడపలన్నీ మళ్లీ వేయించడం మొదలుపెట్టింది. పసుపు తనే రాసింది. అలవాటు తప్పిన కాలు కదా, మొదటి రోజే పడకింటి గడప తట్టుకుని బోర్లా పడింది. దాసీలు గొల్లుమన్నారు. రాణి మోచెయ్యి చూసుకుంది. కొంచెం చర్మం లేచింది. మంట పుట్టింది. లేచి నిలబడింది.

"లేచారా? అంతే" అంది పేరమ్మ, పళ్లెంలో బియ్యం ఏరుకుంటూ.

జామకొమ్మలు తెప్పించి పెరట్లో నాటింది. సాయంత్రాలు మేడెక్కి సముద్రం వైపు చూసేది. ఎవరో పిల్లలు వీధిలో అరుచుకుంటూ పోయేవాళ్లు. ఒకప్పుడు ఆ గోల వినపడితే కిటికీలు వేయించేది. ఇప్పుడు పిట్టగోడ మీదికి వంగి, సందు మలుపు తిరిగి ఆ గోల వినపడకుండా పోయేదాకా నిలబడేది. ఆ తర్వాత కోట మరీ ఖాళీగా ఉండేది.

ఇరవై రోజులకు కాకి మూడోసారి వచ్చింది. ఈసారి తిండి అడగలేదు.

"జాగ్రత్త అన్నావు కదా? పేరుకున్న నెయ్యి మీద ఒక్కో అడుగూ చూసి చూసి వేసింది. అంత చూసి వేస్తే జారకేం చేస్తుంది? జారింది. పెరుగు సముద్రంలో అల వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి నీ ఊరి వైపు చూసింది. ఏదైతేనేం, ఏడూ దాటింది. ఇప్పుడు మాంత్రికుడి ద్వీపంలో ఉంది. వాడి ప్రాణం ఒక చింతగింజలో ఉందని తెలిసింది. వాడి ముందు వెండి వామనగుంటల పీట ఉంది. గింజలు యాభై ఆరు. ఏ గింజలో ఉందో వాడికే తెలీదు. మూడు వందల ఏళ్లుగా వాడు దాన్ని ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అన్నయ్యలు కావాలంటే ఆ గింజేదో కనిపెట్టాలి. పిల్ల భయపడుతోంది. ఏం చెయ్యనని అడిగింది."

రాణి పిట్టగోడ పట్టుకుని నిలబడింది. లోపల వెయ్యి మాటలు తోసుకొచ్చాయి. వద్దులన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కదాన్నీ మింగింది. వంటింట్లో గింజల గలగల, కాకి అరుపు, చెంగల్వ పోట్లాట గుర్తొచ్చాయి. తను ఒక్కసారీ వెళ్లి పక్కన కూర్చోలేదు.

"ఆడుకోమను" అంది.

కాకి తల పక్కకు వంచి చూసింది. "అంతేనా?"

"అంతే."

ఇక అక్కడ జరిగింది చెంగల్వ తర్వాత అమ్మకు చెప్పింది. అమ్మ మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ఆ ముచ్చట ఇది.

మాట అందగానే చెంగల్వ పీట ముందు మఠం వేసుకుని కూర్చుంది. గింజలన్నీ కదిలితే గానీ ప్రాణమున్న గింజ బయటపడదు, ఆడితే గానీ గింజలు కదలవు అనుకుంది.

"తాతా, ఆడదామా?"

"అమ్మో, వద్దు!" అన్నాడు ధూమకంఠుడు. "మా అమ్మ వద్దంది."

"మీ అమ్మ ఏదీ?"

"పోయింది. ఎప్పుడో. నాకేమీ కాకూడదని నా ప్రాణం తీసి ఈ గింజల్లో దాచింది. ముట్టుకోవద్దు చిన్నా అని చెప్పి పోయింది."

"అయితే పీట ఎదురుగా పెట్టుకుని మూడు వందల ఏళ్లు ఒక్క ఆటా ఆడలేదా?"

ముసలాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆయన వెనక బొమ్మల కొలువు. తొమ్మిది మెట్లు. పై మెట్టు మీద రెండే బొమ్మలు. మిగతావన్నీ ఖాళీ.

"ఒక్క ఆట" అంది చెంగల్వ. "నువ్వు గెలిస్తే నేను కూడా ఆ మెట్టు మీద కూర్చుంటాను."

మూడో బొమ్మ మీద ఆశ పుట్టింది వాడికి. మొదటి ఆట కళ్లు మూసుకుని ఆడాడు. ఓడిపోయాడు. రెండో ఆట ఒక కన్ను తెరిచి ఆడాడు. ఓడిపోయాడు. "ఇంకొక్కటి!" అని వాడే అడిగాడు. మూడో ఆటకు గడ్డం ఎగ్గట్టి, పీట మీదికి వంగి కూర్చున్నాడు. "దొంగాట! నా గుంటలో గింజ నువ్వు తీశావు!" అని అరిచాడు. అరిచి, తన అరుపుకు తనే నవ్వాడు. నవ్వేసరికి గింజల్లో ఒకటి కోడిపిల్ల గుండెలా కొట్టుకుంది. వాడు ఆటలో పడి చూసుకోలేదు. చెంగల్వ చూసింది. గింజలు పంచుకుంటూ పంచుకుంటూ వచ్చి, అది తన గుంటలో పడగానే పిడికిలి బిగించింది.

"తాతా, నీ ప్రాణం నా చేతిలో ఉంది. మా అన్నయ్యలను మనుషులను చెయ్యి."

వాడి మొహం పాలిపోయింది. మంత్రం చదివాడు. సోమదత్తుడూ రత్నాకరుడూ మెట్టు మీంచి కిందికి దూకారు. దూకడం వాళ్లకదే మొదటిసారి.

"ఇంకా చూస్తావేం? కొరికెయ్!" అంది కాకి.

చెంగల్వ గింజ వంక చూసింది. "మా అమ్మ ఆడుకోమంది. చంపమని చెప్పలేదు" అంది. గింజ ముసలాయన చేతిలో పెట్టింది. "మింగెయ్ తాతా. అందరికీ అది లోపలే ఉంటుంది."

వాడు మింగాడు. మంత్రాలన్నీ మర్చిపోయాడు. కాసేపటికి పొట్ట తడుముకుని, "ఇదేమిటి, లోపల ఏదో గోకుతోంది?" అన్నాడు.

"ఆకలి" అంది చెంగల్వ.

ఆ తర్వాత ఏళ్లలో జరిగినవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. సోమదత్తుడు కోట వదిలి కొండలు తిరిగి, ఒక కొండరాజు కూతురు పరుగుపందెంలో తనను ఓడిస్తే ఆమెనే చేసుకున్నాడు. రత్నాకరుడికి కాలవ పక్కన ఇల్లు, ఆ ఇంటికి తగిన ఇల్లాలు కుదిరాయి. చెంగల్వ తను మెచ్చినవాణ్ణి పెళ్లాడి, అన్నలిద్దరి మాట మీద, కుందనపురిని నలభై ఏళ్లు ఏలింది. ఆమె ఏలుబడిలో పిల్లలు చెట్లెక్కితే ఎవరూ కేకలు వెయ్యలేదు. అవన్నీ తర్వాత.

ఆ రోజు మాత్రం మధ్యాహ్నం. ఎండ తెల్లగా కాస్తోంది. తాబేలు కనపడిందని తెలిసి రాణి చెప్పుల్లేకుండా సముద్రపు గట్టుకు పరుగెత్తింది. వెనక రాజు, ఆయన వెనక గరిటె పట్టుకుని పేరమ్మ.

సోమదత్తుడు ముందు దూకాడు. మోకాళ్ల దాకా ఇసుక. ఎండకు నల్లబడ్డాడు. "ఒకటి" అంది రాణి.

రత్నాకరుడు దూకాడు. గుప్పిట్లో ఏదో ఉంది, అది కదులుతోంది. "అమ్మా, చూడు చూడు, ఇది ఎంత దూరం గెంతుతుందో!" అని నవ్వాడు. ఇదీ ఆ నవ్వు. పై పన్ను కొంచెం వంకర. "రెండు" అంది రాణి, వినీ వినపడకుండా.

చెంగల్వ తాబేలు మెడ పట్టుకుని జారింది. జుట్టంతా నెయ్యి, పెరుగు. "మూడు."

తాబేలు వీపు మీద ఇంకొకరు మిగిలారు. పొగలాంటి గడ్డం. ఆడుకున్నవాడు కదా, పసివాడి కిందే లెక్కగట్టి సముద్రాలు దారిచ్చాయి. కిందికి చూసి భయపడుతున్నాడు. రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది.

రాణి అతని వంక చూసింది. తన బిడ్డలను ఎత్తుకుపోయినవాడు. ఈ మూడు నెలలూ తనను తినేసినవాడు. గుడ్డలు మాసిపోయి, తల దువ్వే దిక్కు లేకుండా, దిగడం చేతకాక నిలబడ్డాడు. మూడు వందల ఏళ్ల కింద ఒక తల్లి వీడి కోసం ఎంత భయపడి ఉంటుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

"దిగు నాయనా" అంది.

చెయ్యి అందించలేదు. అందించాలని చేతులు లాగాయి. కొంగులో చుట్టి పెట్టుకుంది.

ముసలాయన కళ్లు మూసుకుని దూకాడు. బోర్లా పడ్డాడు. మోకాలు గీసుకుపోయింది. నెత్తురు చూసుకుని, మొదట "అమ్మా!" అన్నాడు. ఎవరూ ఎత్తడానికి రాలేదు. అటూ ఇటూ చూశాడు. చేతులు ఇసుకలో ఆనించాడు. ఒక కాలు కూడదీసుకున్నాడు. ఇంకో కాలు కూడదీసుకున్నాడు. ఊగుతూ ఊగుతూ నిలబడ్డాడు.

"నాలుగు" అంది రాణి.